చర్చికి తెచ్చిన మొక్కు కోడి

నాకు అమ్మవారు పోసిన ఏడు మా నాయనమ్మ మొక్కకూడని చోట మొక్కేసింది. మెడలో జపమాల ఉండగానే ఊరి దేవత గుడి ముందు నిలబడి, "గుంట బతికితే పుంజుని కోయిస్తాను తల్లీ" అనేసింది. మరి నేను బతికాను. మొహం నిండా మచ్చలతో, ఇల్లు పీకి పందిరేసేంత అల్లరితో బతికాను.

నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. కథోలికుల పిల్లను చేసుకోవడానికి జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు. కొడుకు వెనకాలే నాయనమ్మా పుచ్చుకుంది. చర్చిలో పూజంతా లాటిన్‌లో జరిగేది. ఆవిడకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఒక్క ఆదివారమూ మానేది కాదు.

చిక్కల్లా ఆ పుంజు నాది కావడమే. నూకలు వేసి పెంచుకున్నాను. మొక్కు సంగతి తెలియగానే దాన్ని వాటేసుకుని శోకాలు పెట్టాను. అమ్మకు ఒళ్లు మండింది.

"కోడిని కోసొచ్చి ఈస్టర్ పూజలో సత్ప్రసాదం ఎలాగ పుచ్చుకుంటావత్తా?"

"కొయ్యకపోతే అమ్మోరు గుంటనట్టుకుపోతాదే! అప్పుడేటి సేస్తావు?"

ఆవిడ భయం ఉత్తుత్తి భయం కాదు. నేను తుమ్మితే చాలు, పరిగెత్తుకొచ్చి నుదురు పట్టి చూసేది. అన్నం కూడా సరిగ్గా తినేది కాదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే ఆ తపస్సుకాలంలోనే మా చర్చిలో పూజ తెలుగులోకి మారింది. అంతవరకూ మాకు వీపు పెట్టి చదివే ఫాదరుగారు మొదటిసారి మావైపు తిరిగి, ద్రాక్షారసం గిన్నె పైకెత్తి, ఇది నా రక్తం, మీ పాపాల మన్నింపు కోసం చిందే రక్తం అని చదివారు. నాయనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఓలమ్మా! ఇక్కడా బలియేనేటే? ఇన్నేళ్లూ ఎవులూ సెప్పలేదేటి?"

మరుసటి ఆదివారం ఆవిడ చీరచెంగు కింద ఏదో దాచుకుని వచ్చింది. గంట మోగింది. అందరం మోకాళ్ల మీద ఉన్నాం. చర్చి అంతా నిశ్శబ్దం. అప్పుడు కూసింది నా పుంజు! అమ్మ సిగ్గుతో ముసుగు ముక్కుదాకా లాక్కుంది. నాకైతే ప్రాణం పోయినంత పనైంది.

పూజయ్యాక నాయనమ్మ కోడిని తిన్నగా ఫాదరుగారి ముందు పెట్టింది.

"మీకాడా బలియే గదా సామీ. ఇక్కడే కోసెయ్యండి. నా మొక్కు తీరిపోతాది, గుంటకి గండం తప్పుతాది."

ఆయన దూరదేశం మనిషి. ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడేవారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"బలి అయిపోయిందమ్మా. ఒక్కసారే, అందరి కోసమూ. ఆ సిలువ మీది ఆయన కోడి రక్తం అడగలేదు, తన రక్తమే ఇచ్చాడు. నీ మనవరాలి కోసం కూడా ఇచ్చాడు. ఇంక కత్తితో పని లేదు."

నాయనమ్మ మరియమ్మ తల్లి విగ్రహం వైపు చూసి మెల్లగా అడిగింది. "ఆయమ్మ కొడుకేనా?"

"అవునమ్మా."

కోడిని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. హమ్మయ్య అనుకుంటూ గంతులేసుకుని ఇంటిదారి పట్టాను. ఎంత సంతోషమో ఆ పొద్దు! వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"కోడి బతికింది కదే, ఎందుకేడుస్తున్నావు?"

"కోడిని ఇయ్యమంటేనే నువ్వు అంతేసి ఏడిసినావు. ఆ తల్లి కొడుకుని ఎలాగిచ్చినాదే?"

ఆ పుంజు ముసలిదై చచ్చేదాకా మా పెరట్లోనే తిరిగింది. నాకు మళ్లీ ఏ జబ్బు చేసినా నాయనమ్మ దానివైపు చూడలేదు. కానీ ఆ తల్లి కొడుకు సిలువ మీద పోయిన రోజు, శుభశుక్రవారం వస్తే అందరూ సిలువను ముద్దుపెట్టుకోవడానికి వరసలో నిలబడేవాళ్లు, ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని మరియమ్మ దగ్గరికి వెళ్లేది. మచ్చలున్న నా మొహం ఆ తల్లికి చూపించేది.

"ఇదిగో తల్లీ, నా గుంట బతికే ఉన్నాది" అనేది. "సెమించు."