కాబోయే మామగారితో చీకటి హీరో సినిమా

పెళ్లిచూపుల్లో చొక్కా మీద కాఫీ ఒలకబోసుకున్నవాళ్లున్నారు. అమ్మాయనుకుని అమ్మాయి అక్కని పలకరించినవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లందరికీ పెద్దన్నయ్యని. చేతిదాకా వచ్చిన సంబంధాన్ని ఒక సూపర్ హీరో సినిమా చూపించి, పక్కన కూర్చుని వ్యాఖ్యానం కూడా చెప్పి, నాకు నేనే పాడుచేసుకున్నాను.

అమ్మాయి శ్రావణి. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఇల్లు. వాళ్ల నాన్న సుబ్బారావుగారు కాకినాడ మనిషి, ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యారు. చూపులైపోయాయి, అందరికీ అందరూ నచ్చారు. నా సంగతైతే చెప్పనక్కర్లేదు, ఆ పిల్ల నవ్వు తలచుకుంటే ఆఫీసు పాస్‌వర్డ్ కూడా మర్చిపోతున్నాను. ఇక తాంబూలాలే తరువాయి. "ఒకసారి మీరిద్దరూ బయట కలిసి మాట్లాడుకోండి" అన్నారు పెద్దలు. అమ్మాయిని ఒక్కదాన్నీ పంపితే బాగుండదని సుబ్బారావుగారు కూడా బయల్దేరారు.

ముగ్గురం కూర్చుని ఏం మాట్లాడుకుంటాం, మీరే చెప్పండి! హైటెక్ సిటీ మాల్‌లో మ్యాట్నీకి టికెట్లు తీశాను.

"ఏం సినిమా బాబూ?"

"సూపర్ హీరో సినిమా అండీ. పాత బొమ్మల పుస్తకాల్లో పసుప్పచ్చ దుప్పటి కట్టుకుని ఎగిరేవాడు, వాడే."

"ఓ, చెట్టెక్కిన పిల్లుల్ని దించేవాడు కదూ! మంచివాడు పాపం."

ఆ మంచివాడు ఈమధ్య ఓ కొత్త దర్శకుడి చేతిలో పడ్డాడని నేను చెప్పలేదు. సినిమా మొదలైంది. వాన, చీకటి. తెర మీద ఎవరున్నారో చాలాసేపు అంతుపట్టలేదు. చివరికి మాసిన గడ్డంతో ఒకడు సీసా ఎత్తి తాగుతూ కనబడ్డాడు.

"వీడు దొంగా బాబూ?"

"కాదండీ, హీరో."

"అయ్యో! ఉద్యోగం పోయిందా?"

"లోకం మీద నమ్మకం పోయిందండీ."

"దానికి స్నానం మానేయడం దేనికి?"

శ్రావణి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే, నేను రెచ్చిపోయాను. "ఇప్పటి హీరోలు ఇలాగే ఉండాలండీ. పైకెంత మంచిగా కనబడినా ప్రతి మనిషి లోపలా ఒక చీకటి ఉంటుంది. అదే అసలు మనిషి!"

సుబ్బారావుగారు తెర వదిలేసి నావైపు తిరిగారు. "నీ లోపల కూడా ఉందా బాబూ?"

ఆ క్షణంలో దేవుడు నా నోరు పడిపోయేలా చేసినా బాగుండేది.

"బోలెడుందండీ! ఇతన్ని చూస్తుంటే నన్ను నేను అద్దంలో చూసుకుంటున్నట్టుంది."

సరిగ్గా అప్పుడే ఆ అద్దంలోని 'నేను' పెళ్లిఫోటోని నేలకేసి కొట్టి, ఇంటికి నిప్పు పెట్టాడు.

ఇంటర్వెల్లో ఆయన పాప్‌కార్న్ ముట్టుకోలేదు.

తాంబూలాలకి ముందు అబ్బాయి గురించి ఇరుగుపొరుగుని వాకబు చేయడం మనవాళ్లకి మామూలే కదా. మర్నాడు ఆయన ఖాజాగూడలో నేను అద్దెకుంటున్న ఇంటికి వెళ్లారు. మా ఓనర్ యాదగిరన్నకి నేనంటే ప్రాణం. నా మేలు కోరి ఇలా చెప్పాడట:

"మస్తు మంచి పోరడు సార్! లొల్లి గిట్ట ఏం ఉండది. పొద్దంత తలుపులేస్కొని పంటడు, చీకటి పడ్డంక బయటికి పోతడు. దోస్తులు గిట్ట ఎవ్వలు రారు. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, పిల్లనియ్యుండ్రి!"

నాది నైట్ షిఫ్ట్ అని సుబ్బారావుగారికి తెలుసు. కానీ ఆ సినిమా చూశాక ఏ తండ్రి నమ్ముతాడండీ?

సాయంత్రం శ్రావణి ఫోన్ చేసింది. "నాన్న వద్దంటున్నారండీ."

"సినిమా చూస్తూ ఏదో వాగానండీ! నేను బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే రకం, ఒట్టు!"

"నాకర్థమైంది లెండి. ఆ సినిమా అంటే నాకూ పిచ్చి. మీతో చూసింది రెండోసారి."

"మరి ఆ ముక్క మీ నాన్నగారితో చెప్పొచ్చుగా!"

"ఎలా ఉందే అని అడిగారు. తలనొప్పొచ్చింది నాన్నా అన్నాను. పెళ్లి కుదిరేదాకా లోపలున్నది ఎవరైనా బయటపెడతారటండీ?"

ఇంత తెలివైన పిల్ల చేజారిపోయిందని నేను నిజంగానే ఏడ్చాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడపిల్ల తండ్రి నా లోపల ఏముందని అడిగినా, పొద్దున తిన్న రెండిడ్లీలూ కాస్త చట్నీ తప్ప మరేమీ లేదని చెబుతాను.