పెట్టె చేపకు ఫ్రిల్లు

నాకు పన్నెండేళ్లప్పుడు వెన్నెముక ఒక పక్కకు వంగడం మొదలైంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది మా పిన్ని. రేపల్లెలో ఆమెకు జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉంది. స్కూలు తెరిచే ముందు నా యూనిఫాం కోసం కొలతలు తీస్తూ, టేపును ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చి మార్చి చూసింది.

"అక్కా, దీని కుడి భుజం పైకి ఉందే. ఒకసారి డాక్టరుకి చూపించరాదూ?" అంది అమ్మతో.

అమ్మ నమ్మలేదు. పుస్తకాల సంచి బరువుకి అలా నిలబడటం అలవాటైందిలే అంది. పిన్ని ఊరుకోలేదు. మేము తెనాలిలో మా ఇంటికి వచ్చేశాక కూడా రోజూ ఫోన్ చేసి, చూపించారా లేదా అని అమ్మ ప్రాణం తీసింది. చివరికి ఆమె పోరు పడలేకే గుంటూరు వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. సమయానికి తీసుకొచ్చారు, ఆపరేషన్ దాకా పోకుండా చూడొచ్చు, ఎదుగుదల ఆగేవరకు బెల్టు వేసుకోవాలి అన్నాడు డాక్టరు.

బెల్టు అంటే నడుముకు పెట్టుకునే పటకా లాంటిది అనుకున్నాను. అది చంకల కింద నుంచి తుంటి దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ డొల్ల. వెనక పట్టీలు లాగి బిగించాలి. స్నానానికి తప్ప తీయకూడదు. అది వేసుకుంటే నడుం వంగదు, పక్కకు తిరగదు. పెన్సిల్ కింద పడితే మోకాళ్ళ మీద కూర్చుని, తడిమి తీసుకోవాలి.

అమ్మ నాకు యూనిఫాం కాస్త పెద్ద సైజులో కుట్టించింది. "ఎవరికీ చెప్పకు. ఆడపిల్లవి. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అంది. అమ్మ మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. రోజూ పొద్దున్నే ఆ పట్టీలు బిగించేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో నేను ఎదురుగా ఉన్న అద్దంలో చూసేదాన్ని. కానీ స్కూల్లో ఎంతకాలమని దాగుతుంది? వరసలో నిలబడినప్పుడు వెనకున్న అమ్మాయి మోచెయ్యి తగిలి టక్కుమని చప్పుడైంది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి మళ్ళీ కొట్టి చూసింది. సాయంత్రానికి నా పేరు ‘తలుపు’ అయిపోయింది. ఆటల పీరియడ్‌లో బయటికి వెళ్ళడం మానేసి క్లాసులోనే కూర్చుని బొమ్మలు వేసుకునేదాన్ని.

ఆ బొమ్మలు చూసి డ్రాయింగ్ మాస్టారు నన్ను అడక్కుండానే ఒక పోటీకి పేరు ఇచ్చేశారు. బాపట్లలో ఒక కాలేజీవాళ్ళు చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లలకు పెడుతున్నారు. సముద్రంలో ఉన్న జీవుల్ని కలిపి, ఎక్కడా లేని కొత్త జీవిని తయారుచేయాలి. బొమ్మ వేసి ఊరుకుంటే చాలదు, పక్కన నిలబడి అది ఎలా బతుకుతుందో చెప్పాలి. నలుగురి ముందూ నిలబడాలి అనగానే నేను రానన్నాను. మాస్టారు తొందరేం లేదు, దసరా సెలవుల్లో ఆలోచించుకోమన్నారు.

సెలవులకు రేపల్లె వెళ్ళాను. పిన్నికి చెబితే మిషన్ ఆపి నావైపు తిరిగింది.

"లేని జంతువా? ఉన్నవే మనకి తెలీవు కదే. వంటింట్లోకి వచ్చేవి తప్ప నేనేం చూశాను? పద, రేపు బాబాయితో నిజాంపట్నం రేవుకి పోదాం."

బాబాయి అక్కడ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మర్నాడు పొద్దున ముగ్గురం బయల్దేరాం. రేవు దగ్గర పడుతుండగా కాలవ గట్టున బురదలో వేలెడంత చేపలు నీళ్ళు వదిలి గెంతుతున్నాయి. కళ్ళు నెత్తిమీద రెండు బుడిపెల్లా ఉన్నాయి. తల తిప్పకుండానే అన్ని వైపులా చూస్తున్నాయి. నేను అక్కడే నిలబడిపోయాను. పిన్ని కంగారు పెట్టకుండా పక్కనే నిలబడింది.

రేవులో వేలం సగం అయిపోయింది. బాబాయి పనిలోకి వెళ్ళిపోయాడు. మేమిద్దరం చేపలు ఎండబెట్టే చోటికి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దావిడ, ఎవరూ కొనని రకాలన్నీ కుప్ప పోసుకుని ఏరుతోంది. కోళ్ళ దాణాకి పోతాయట. ఆ కుప్పలో ఏముందో చెప్పమంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. ముళ్ళ బంతిలా ఉబ్బిన చేప, కొరడాలాంటి తోకున్న పిల్ల టేకు చేప, ఇంకా రంగు పోని చిన్న ఆక్టోపస్. పిన్ని ఒక కటిల్ ఫిష్‌ని వేలితో కదిపి, "ఇదేంటే, లంగాకి ఫ్రిల్ కుట్టినట్టు చుట్టూ ఎంత బాగుందో" అంది.

నేను బాగా చూడాలని మోకాళ్ళ మీద కూర్చోబోతే తూలాను. పెద్దావిడ చెయ్యి చాచి నా వీపు పట్టుకుంది. పట్టుకున్న చేత్తోనే ఒకసారి తట్టి చూసింది.

"లోపలేం పెట్టుకున్నావమ్మాయ్?"

అంతవరకూ నన్ను అలా సూటిగా ఎవరూ అడగలేదు. చూసి పక్కకు తిరిగేవాళ్ళు, నవ్వేవాళ్ళు, జాలిగా అమ్మని అడిగేవాళ్ళు. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని నన్నే చెప్పుకోమన్నట్టు గడ్డం ఎగరేసింది.

"నడుం ఎముక వంగిందండి. ఇంకా వంగకుండా బెల్టు వేశారు" అన్నాను.

"అట్టాగా" అని ఆవిడ కుప్పలో చెయ్యి పెట్టి వెతికి, పసుపు రంగు చేపనొకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇదిగో, దీనిక్కూడా అంతే. కొట్టి చూడు."

కొట్టాను. టక్కుమంది. చేప ఒళ్ళంతా తేనెపట్టు గళ్ళలాంటి పలకలతో బిగించిన పెట్టె. నోరు, రెక్కలు, తోక మాత్రం పెట్టెకు పెట్టిన కన్నాల్లోంచి బయటికి వచ్చాయి.

"ఇది వంగదు కదండీ. మరెలా ఈదుద్ది?"

"ఒళ్ళు వంగకపోతే ఏమైంది? రెక్కలున్నాయిగా. మా ఆయన చూశాడంట, నీళ్ళలో భలే తిరుగుద్దంట" అని తన పనిలో పడింది.

ఆ చేపని ఇంటికి తెస్తే బాబాయి వాసన భరించలేక గోల చేశాడు. పిన్ని దాన్ని డాబా మీద ఎండలో పెట్టించి, షాపులో పాత పేపర్లు పరిచింది. ఆమె కొత్త మోడల్ జాకెట్ కుట్టాలంటే ముందు పేపరు మీద ముక్కలు కత్తిరించి, గుండుసూదులతో కలిపి చూసుకునేది. మా జంతువుని కూడా అలాగే మొదలుపెట్టాం. నేను నచ్చినవన్నీ కత్తిరించాను. ముళ్ళు, కొరడా తోక, పీత డెక్కలు, రంపపు ముక్కు. అన్నీ కలిపి గోడకు తగిలిస్తే చిందరవందరగా వేలాడింది.

పిన్ని కాసేపు చూసి, "బాగానే భయపెడతంది గానీ, ఇది కదిలేదెట్టా? ఒక అతుకు వేశామంటే అక్కడ వదులు ఉండాలే. చంక దగ్గర గుడ్డ వదలకపోతే చెయ్యి లేవదు. ఏది దేనికి కావాలో ముందు చెప్పు. ఊరికే అందానికి నేను జేబు కూడా కుట్టను" అంది.

అన్నీ పీకేశాను. పెట్టె చేప ఒళ్ళు ఒక్కటే ఉంచాను. అప్పటినుంచి ఒక్కో ముక్కే చేరుతూ వచ్చింది. ఒళ్ళు వంగదు కాబట్టి ఈదడానికి పెట్టె అంచు చుట్టూ కటిల్ ఫిష్ ఫ్రిల్లు. పక్కకు తిరగలేదు కాబట్టి నెత్తిమీద బురదచేప కళ్ళు. కింద పడింది వంగి తీసుకోలేదు కాబట్టి పొట్ట కింద ఆక్టోపస్ చేతులు. ఎవరైనా మరీ దగ్గరకొస్తే ఉబ్బడానికి బుగ్గలు మాత్రం ఆ ముళ్ళ చేపవి. రెండు మూడు రోజులు కత్తిరించాం, మార్చాం, మళ్ళీ కత్తిరించాం. పిన్ని కస్టమర్ల జాకెట్లు ఆలస్యమయ్యాయి. "మా అక్క కూతురు చేపని కుడుతోందండి, ఎల్లుండి రండి" అని చెప్పి పంపేసేది. నేను నన్నే కత్తిరించి అతికిస్తున్నానని నాకు తెలియలేదు. ఆమెకు తెలుసనే అనుకుంటాను. తెలిసీ ఒక్క మాట అనలేదు. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో పెద్దయ్యాక అర్థమైంది.

సెలవులయ్యాక మాస్టారికి వస్తానని చెప్పాను. పోటీకి అమ్మ తీసుకెళ్ళింది. బాపట్లలో రైలు దిగి కాలేజీకి వెళ్ళేసరికి హాలు నిండా పిల్లలు. రెక్కల తిమింగలాలు, కిరీటాలు పెట్టుకున్న సొరచేపలు. నా బొమ్మ వాటి మధ్య చిన్నగా, గోధుమ పసుపు రంగులో ఉంది. అమ్మ నా వెనక నిలబడి చున్నీ సర్దుతూనే ఉంది, బెల్టు అంచు కనపడకుండా.

జడ్జిగా వచ్చిన మేడమ్ చేపల గురించే పాఠాలు చెబుతారట. మిగతా బొమ్మల దగ్గర బాగుందని ముందుకు నడిచినావిడ, నా దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఎలా ఈదుతుందని అడిగారు, చెప్పాను. ఏం తింటుందని అడిగారు, చెప్పాను.

"ఈ పెంకు ఎందుకు? శత్రువులు కొరక్కుండానా?"

"కాదండి. లోపల ఎముక వంగిందండి. పెంకు లేకపోతే ఇంకా వంగుద్ది."

మేడమ్ నవ్వలేదు. నిజంగా ఉన్న జంతువు గురించి మాట్లాడుతున్నట్టు ఆలోచించారు. "మరి ఇది పెరిగితే ఎలాగమ్మా? పీతయితే పెంకు వదిలేసి కొత్తది తెచ్చుకుంటుంది. నీ జంతువు ఏం చేస్తుంది?"

అది నేను ఆలోచించలేదు. తడబడి, నాకు తెలిసిందే చెప్పాను. "పెద్దదయ్యే కొద్దీ పెంకు మారుస్తారండి. పూర్తిగా పెరిగాక ఇక అక్కర్లేదండి."

"ఎవరు మారుస్తారు?"

"వాళ్ళమ్మండి. రోజూ బిగించేది కూడా ఆవిడే."

చున్నీ సర్దుతున్న చెయ్యి ఆగిపోయింది. నేను వెనక్కి తిరగలేను కాబట్టి అమ్మ మొహం చూడలేదు. మేడమ్ మాత్రం నా మీదుగా ఆమె వైపు చూసి, "మంచి జంతువు. బతుకుతుంది" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళారు.

బహుమతి రాలేదు. తిమింగలానికి వచ్చింది. నిజానికి ఆ తిమింగలం చాలా బాగా వేశారు.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. కూర్చున్న ఒకావిడ కాస్త జరిగి, "రా పాపా, ఇరుకులో ఇట్టా సర్దుకో" అని నన్ను లాగింది. నేను వంగి ఇరుక్కోలేక నిలబడిపోయాను. అప్పుడు అమ్మ, రైలు పెట్టెలో అందరికీ వినపడేలా, "మా అమ్మాయికి వెన్నుకి బెల్టు వేశారండి. వంగలేదు. కాస్త నిటారుగా కూర్చునే చోటివ్వండి" అంది. బయటివాళ్ళతో అమ్మ ఆ మాట అనడం అదే మొదటిసారి. కిటికీ పక్కనున్నాయన లేచి చోటిచ్చాడు. నన్ను రమ్మన్నావిడ తన సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. తెనాలి వచ్చేదాకా అమ్మా ఆవిడా నా ఎక్స్‌రేల గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. నేను జామకాయ తింటూ, ఎంతో తేలికపడి, బయట పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత అమ్మ నాకు సరిపోయే సైజులోనే బట్టలు కుట్టించింది. ఆటల పీరియడ్‌లో నేనే బయటికి వెళ్ళాను. కొట్టి చూస్తామన్న పిల్లల్ని కొట్టి చూడమన్నాను. నాలుగు రోజులకు వాళ్ళకే విసుగేసింది. పదో తరగతి అయ్యాక బెల్టు తీసేశారు. వెన్ను పూర్తిగా నిటారు కాలేదు, కుడి భుజం ఇప్పటికీ కాస్త పైకే ఉంటుంది. దాంతో హాయిగానే బతుకుతున్నాను.

ఇప్పుడు తెనాలిలో మా ఇంట్లోనే కూర్చుని, పిల్లల కంప్యూటర్ ఆటలకు జంతువుల్ని తయారుచేస్తుంటాను. కొమ్ములు ఇంకో రెండు పెట్టండి, భయంకరంగా ఉండాలి అంటారు కంపెనీవాళ్ళు. అవి దేనికి కావాలని అడుగుతాను. మొదట్లో విసుక్కునేవాళ్ళు, ఇప్పుడు అలవాటు పడ్డారు.

రేపల్లెలో షాపు ఇంకా నడుస్తోంది. పిన్నికి చూపు మందగించింది, సూదిలో దారం ఎక్కడం లేదు. వీలు దొరికినప్పుడల్లా పొద్దున రైలుకి వెళతాను. ఆమె వద్దంటున్నా వినకుండా డబ్బాలో ఉన్న సూదులన్నిటికీ రంగు రంగుల దారాలు ఎక్కించి, వరసగా గుడ్డ మెత్తకు గుచ్చిపెట్టి, అన్నం తిని, సాయంత్రానికి తిరిగొస్తాను.