ప్రేమమ్మ కట్టించుకున్న సమాధి

ప్రేమమ్మకు ముందుచూపు ఎక్కువ. వానాకాలానికి కావలసిన కట్టెలు నడివేసవిలోనే పోగేసేది. క్రిస్మస్‌కు కట్టుకునే చీర దసరా సెలవుల్లోనే కొని పెట్టెలో దాచేది. శంషాబాదులో విమానాలు దిగడం మొదలైన ఏడు ఊళ్లోవాళ్లంతా ప్రహరీ పక్కన నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, ఆమె మాత్రం కాంట్రాక్టరు ఇంటికి పోయి విమానాశ్రయం లోపల ఊడ్చే పని మాట్లాడుకుని వచ్చింది. అలాంటి మనిషి తన చావు సంగతి మాత్రం దేవుడికే వదిలేసి ఊరుకుంటుందా?

భర్త యెషయా తాపీమేస్త్రీ. ఆ మరుసటి ఏడే పని మీదే గుండె ఆగి పోయాడు. చర్చి సంఘానికి ఉన్న చిన్న సమాధుల తోటలో, గోడ మూలకు అతణ్ణి పెట్టారు. అతని పక్కన ఒక్క మనిషికి సరిపడా జాగా మిగిలింది. ఆ రోజు నుంచీ ప్రేమమ్మ కన్ను ఆ జాగా మీదే. ఇన్నేళ్లు పక్కపక్కన పడుకున్నవాళ్లం, ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మధ్యలో వచ్చి చేరితే ఎలాగని ఆమె దిగులు. వినేవాళ్లు నవ్వేవాళ్లు గానీ ఆమెకది నవ్వులాట కాదు.

తోట చుట్టూ ఇళ్లు లేచాయి, ఇక పెరిగే దారి లేదు. సంఘం పెద్ద డేవిడ్ రాజును అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“బతికున్నోళ్ల పేరు మీద జాగ ఆపం ప్రేమమ్మా. ఎవరు ముందు పోతే వాళ్లది. కట్టిన సమాధినైతే ఎవ్వరు ముట్టరు గని.”

“అయితే కట్టిస్త,” అంది ప్రేమమ్మ.

అన్నంత పనీ చేసింది. 2012 వేసవిలో, తోటలో సమాధులు కట్టే పెంటయ్య గుంత తవ్వి, లోపల నాలుగు వైపులా ఇటుక కట్టి, సిమెంటు పూశాడు. పైన షాబాదు బండలు పరిచేముందు పొడవు ఒకసారి సరిచూసుకోమన్నాడు. ప్రేమమ్మవి అరిగిపోయిన మోకాళ్లు, దిగితే మళ్లీ ఎక్కలేదు. ఒక్కగానొక్క కూతురు జూలీ సరిగ్గా తల్లంత ఎత్తు. కొత్తూరులో మందుల కంపెనీలో పని చేసే పిల్ల, ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది.

“నువ్వాగమ్మా, నేను దిగుత,” అని చెప్పులు విడిచి గుంతలోకి దిగింది. వెల్లకిలా పడుకుని, చేతులు రొమ్ము మీద పెట్టుకుని, కొంటెగా కళ్లు కూడా మూసుకుంది. “మంచిగ సరిపోయింది,” అంది లోపలి నుంచి. తల్లి పకపకా నవ్వింది. పెంటయ్య నవ్వలేదు.

“జల్ది లెవ్వు బిడ్డా, జల్ది లెవ్వు,” అన్నాడు.

వాళ్లు ఇల్లు చేరాక ఎదురింటి రాములమ్మ ఈ మాట విని గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. “బొంద తవ్వి ఒట్టిగ ఉంచుతరా అక్కా? తవ్వినంక అది మనిషిని అడుగుతది. మావోళ్లయితే ఏమన్న ఒకటి అందుల పెట్టి పూడుస్తరు.”

“మాకు గసుమంటి పట్టింపులు లేవు రాములమ్మా. మట్టికి నోరుంటదా ఏంది?” అని తీసిపారేసింది ప్రేమమ్మ.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పోయి, యెషయా సమాధికి, తన సమాధికి మధ్య కూర్చునేది. విమానం తక్కువ ఎత్తులో పోయినప్పుడల్లా బండలు కదిలి ‘టక్’మనేవి. లోపలంతా ఖాళీ కదా, చప్పుడు పెద్దగా వచ్చేది. మొదట్లో ఆమెకది ముచ్చటగానే ఉండేది.

వానలు పడ్డాక జూలీకి జ్వరం వచ్చింది. శంషాబాదులో దవాఖానకు తిప్పారు, మందులు మింగించారు. ఇవాళ తగ్గినట్టే ఉండేది, రేపు మళ్లీ మండిపోయేది. పిల్ల చిక్కి సగమైంది. ప్రేమమ్మ పనిలో ఉన్నా ధ్యాసంతా ఇంటి మీదే. విమానం దిగి అద్దాలు అదిరితే చీపురు పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. అప్పుడు పుట్టింది ఆ ఆలోచన. గుంత నాదే, కానీ కొలత ఎవరిది ఇచ్చాను? చేజేతులా కన్నబిడ్డ కొలత ఇచ్చి, పైన బండలు మూసి వచ్చాను కదా! ప్రార్థనకు మోకరిద్దామన్నా మాట సగంలోనే తెగిపోయేది. ఇలాంటివి నమ్మకూడదని ఆమెకు తెలుసు. తెలిసినా భయం పోలేదు.

ఒక మధ్యాహ్నం జూలీ సగం కళ్లు తెరిచింది. “ఇంట్ల ఉడుకుతున్నదమ్మా. గాడ సల్లగుండె.”

“యాడ బిడ్డా?”

జూలీ గోడవైపు తిరిగి పడుకుంది.

ప్రేమమ్మ పిల్లను రాములమ్మకు అప్పజెప్పి, కాళ్లకు చెప్పులైనా లేకుండా పెంటయ్య ఇంటికి పోయింది. బండలు లేపించింది. ఎవరు చెప్పారో, డేవిడ్ రాజు పరుగున వచ్చాడు.

“పూడిస్తే జాగ పోతది. జర ఆలోచించుకో.”

“పోనీ అన్నా.”

“ఇది విశ్వాసులు చేసే పనేనా?”

ప్రేమమ్మ సిగ్గుతో తల దించుకుంది. అయినా వంగి మొదటి తట్ట మట్టి తానే పోసింది. గుంత నిండాక భర్త సిలువ మీద చెయ్యి వేసి, “నా మీద కోపం చెయ్యకు. పిల్ల బతకాలె గద,” అంది. ఇంక ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆ సాయంత్రమే జూలీకి చెమటలు పోసి జ్వరం దిగింది. రక్తపరీక్ష చూసి మందు మార్చామని, అది పనిచేసిందని డాక్టరు అన్నాడు. కావచ్చు. మందు గొప్పో మట్టి గొప్పో ప్రేమమ్మకు ఎన్నటికీ తేలలేదు. తేలకపోవడమే ఆమెను లోలోపల తినేసింది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా సంఘంలో సుగుణమ్మ అనే ముసలావిడ చనిపోయింది. యెషయాకు ఏమీ కాదు, బతికుండగా అతనితో నాలుగు మాటలు మాట్లాడిన మనిషి కూడా కాదు. యెషయా పక్కన మళ్లీ తవ్వి ఆమె పెట్టెను దింపుతుంటే జూలీకి కడుపు మండిపోయింది.

“నాన పక్కన అది నీ జాగ. ఎందుకు పూడిపిచ్చినవ్? ఎన్నిసార్లడిగినా చెప్పవు. ఇగ నీకెక్కడమ్మా?”

“ఎక్కడన్న పెట్టుండ్రి. నేను పోయినంకనే తవ్వుండ్రి. అంతకుముందు నాకోసం ఎవ్వరు పార పట్టొద్దు.”

జూలీ మూతి ముడుచుకుని, పిడికెడు మట్టి తీసుకుని గుంత అంచుకు నడవబోయింది. ప్రేమమ్మ ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. గాజులు చేతికి గుచ్చుకుని పిల్ల ‘అబ్బా’ అన్నా పట్టు సడలించలేదు. పాట అయిపోయింది, పెట్టె మీద మట్టి నిండింది, జనం గేటు వైపు కదిలారు. అప్పటిదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు, భర్త సమాధి వైపు కన్నెత్తి చూడనూ లేదు.