బోసి చేతుల పద్ధతి

పాండురంగగారు గుడివాడలో ఫిట్టర్ ట్రేడు పాఠాలు చెప్పేవారు. ఆ ప్రైవేటు ఐటీఐ మూతపడ్డాక గతిలేక కన్సల్టెంట్ అయ్యారు. ఆ మాటకి అర్థం వాళ్ళావిడ హైమవతికి చివరిదాకా తెలియలేదు. ఎవరైనా అడిగితే "బస్సుల్లో తిరిగే ఉద్యోగం" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున బందరు, మధ్యాహ్నం అవనిగడ్డ, రాత్రికి నడుంనొప్పి. ఏ ఫ్యాక్టరీకి తనిఖీ వస్తుందంటే అక్కడికి ముందే వెళ్ళి, పనివాళ్ళకి శిక్షణ ఇచ్చి, లోపాలు సరిదిద్దడం ఆయన పని. ఒకటే పాఠం ఊరూరా చెప్పీ చెప్పీ ఆయనకే విసుగు పుట్టింది.

తొంభై ఎనిమిదిలో గిలకలదిండి దగ్గర రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీ ఒకటి తగిలింది. యజమాని రాజబాబు చెరువుల మీద సంపాదించిందంతా అందులోనే పోశాడు. సరుకు విదేశాలకి వెళ్ళాలంటే శుభ్రత తనిఖీకి వచ్చే ఆడిటర్ ఒప్పుకోవాలి. ఒలిచే ఆడవాళ్ళు టోపీలు పెట్టుకున్నారు, బూట్లు తొడుక్కున్నారు, పుస్తెలు గౌను లోపలికి తోసుకున్నారు. గాజుల దగ్గర మాత్రం బండి ఆగింది. గాజుముక్క రొయ్యల్లో పడితే సరుకంతా వెనక్కొస్తుంది కాబట్టి చేతులకి ఏమీ ఉండకూడదని రూలు.

"మా ఆయన వేటకెళ్ళి ఉన్నాడండీ," అంది అచ్చమ్మ. బల్ల దగ్గర అందరికన్నా చెయ్యి జోరు ఆవిడదే. "మొగుడు సముద్రం మీదుంటే గాజులు తియ్యమంటారా? ముందు మీ ఇంట్లో అమ్మగారిని తియ్యమనండి మాస్టారూ."

హైమవతిని ఆ మాట అడిగే ధైర్యం పాండురంగగారికి ఏ జన్మలోనూ లేదు. పైగా అచ్చమ్మ చెప్పింది న్యాయమే అనిపించింది. అందుకని ఆడిట్ రోజున భర్త పోయిన ఆడవాళ్ళనే బల్లల ముందు నిలబెట్టి, మిగతావాళ్ళకి సెలవిప్పించారు. ఇన్ని తుఫానులు చూసిన తీరంలో అలాంటి చేతులకి కొదవేముంది?

ఆడిటర్ తెగ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు రాజబాబు తలకెక్కింది. ఇక మీదట బోసి చేతులవాళ్ళకే పని అన్నాడు.

"ఆ ఒక్క రోజుకే అనుకున్నామండీ," అని పాండురంగగారు మొత్తుకున్నారు.

"తనిఖీ రోజున ఎలా ఉన్నామో రోజూ అలాగే ఉండాలని మీరే కదండీ చెప్పారు," అన్నాడు రాజబాబు.

నిజమే, ఊరూరా చెప్పింది అదే. అచ్చమ్మకి పని పోయింది. పాండురంగగారు సిగ్గుతో చితికిపోయారు. మళ్ళీ వెళ్ళి బతిమాలినా రాజబాబు వినలేదు.

చలికాలంలో ఇంకో శిక్షణకి వెళ్తే బల్ల దగ్గర అచ్చమ్మ కనిపించింది. చేతులు బోసిగా ఉన్నాయి. ఆయన గబగబా ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"అచ్చమ్మా, మీ ఆయన..."

"బాగానే ఉన్నాడండీ. మొన్ననే వేటకెళ్ళాడు," అంది రొయ్య ఒలుస్తూనే. "పిల్లలకి కూడు కావాలి గదా. గేటు బయట గాజులు తీసేసి వస్తన్నాను. ఆయనకి తెలీదు, మీరెవరితోనూ అనమాకండి."

పాండురంగగారు తలూపారు. ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

"అదేం లేదండీ. తీసిన దోషం ఆయనకి తగలకుండా, పడవ ఒడ్డుకొచ్చేదాకా అన్నం ముట్టట్లేదు."