మూడు నుంచి నాలుగు దాకా

ఆ గంటలో నేను ప్రార్థన చేయలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ప్రతిరోజూ ఏదో ఒకటి రాసుకునే అలవాటున్నా, డైరీకి కూడా చెప్పలేదు. ఆ శనివారం పేజీలో "నాలుగు పేజీలు రాశాను. బాగా వచ్చాయి" అని మాత్రమే ఉంది. చేతిరాత ఏ తొందరా లేకుండా కుదురుగా ఉంది. ఆ పేజీ చదివినవారెవరూ అప్పుడు కింది ఇంటి మనిషి దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉందని అనుకోరు.

కింది ఇల్లు మా ఓనరు ఆంటీ వాళ్లది. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక కాలనీలో, వాళ్ల మేడ మీద ఒక్క గది నాది. ఆంటీ కూతురు, నేను గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో, ఒకే టీంలో పనిచేసేవాళ్లం. సిస్టమ్‌లు ఆగకుండా నడుస్తున్నాయో లేదో చూస్తూ కూర్చోవడం మా పని. షిఫ్టు దిగేటప్పుడు ఒక షీట్‌లో సమయం, పేరు రాసి, అంతా సరిగా ఉంటే పక్క గడిలో ఆకుపచ్చ రంగు నింపి తర్వాతివాళ్లకు అప్పగించాలి. చూడకుండా పచ్చరంగు పెట్టడాన్ని మించిన తప్పు మా దగ్గర లేదు. మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. పొరపాటు చేసినా క్షమిస్తారు కానీ, చూడకుండా చూశానన్నవాళ్లను క్షమించరు.

నేను కడప వైపు నుంచి వచ్చినదాన్ని. నలుగురున్న హాస్టల్ గదిలో ఇమడలేక అవస్థపడుతుంటే, నాకంటే రెండేళ్లు చిన్నదైన ఆ అమ్మాయే కనిపెట్టింది. "మా మీద రూం ఖాళీగ ఉందక్కా. అమ్మ జర ఎక్కువ మాట్లాడతది, గదొక్కటే పరేషాని" అని చెప్పి తీసుకొచ్చింది.

ఆ గదిలో నా లోకం పుస్తకాలు. తత్వశాస్త్రంలో దూరవిద్య ఎం.ఏ. చదువుతున్నాను. పొడవాటి రూళ్ల నోటుపుస్తకంలో నిలువు గీతలు గీసి, వేదాంతులకు ఒక గడి, వైష్ణవులకు ఒకటి, సూఫీలకు, క్రైస్తవ మునులకు, బౌద్ధులకు ఒక్కోటి పెట్టుకున్నాను. ఎడమవైపు ప్రశ్న ఉండేది. జీవుడు దేవుడిలో కరిగిపోతాడా, కలిసినా విడిగానే ఉంటాడా? మాటలతో చెప్పలేనిదాన్ని ఎవరు ఎలా చెప్పారు? అడ్డంగా చదువుకుంటూ పోతే, వేల మైళ్ల దూరంలో, ఒకరినొకరు ఎరగని మనుషులు ఒకే మాట అన్నట్టు కనిపించేది. అది చూసినప్పుడు ఒళ్లు పులకరించేది. ఆ పులకరింతనే నేను భక్తి అనుకున్నాను.

ఆంటీ మెట్ల కింద కుట్టుమిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టేది. పెళ్లయ్యాక భర్త వాళ్ల చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. పుట్టింటి అక్క మాత్రం ఏటా బోనమెత్తి, ఆ అన్నం తెచ్చిపెట్టేది. "తింటే పాపం కాదా ఆంటీ?" అని ఒకసారి అడిగాను. "మా అక్క వండిన బువ్వ తింటె నా ప్రభువు అలుగుతడా? అలిగితె నేను మాట్లాడుకుంట తియ్యి" అంది. నిజంగానే మాట్లాడుకునేది. మిషన్ తొక్కుతూ, "ప్రభువా, గీ దారం ఇంకొక్కపారి తెగిందనుకో, ఇగ నీకు నాకు కొట్లాటే" అనేది.

ఒకరోజు గారెలివ్వడానికి పైకొచ్చి, నా నోటుపుస్తకం మీదికి వంగింది.

"ఏంది బిడ్డా గిన్ని గీతలు? కొలతలా?"

"కాదాంటీ. దేవుడి గురించి ఏ మతంవాళ్లు ఏం చెప్పినారో పక్కపక్కన రాసుకుంటాండా."

"అయితె కొలతలే గదనే. ఛాతీ గింత, చెయ్యి గింత." నవ్వి గిన్నె బల్ల మీద పెట్టింది. "కొలతలు మంచిగ దీస్కున్నవ్. బట్టేది?"

నేనూ నవ్వాను. ఆ మాట డైరీలో ఉంది. చమత్కారమని రాసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక మంగళవారం, ఆంటీ మిషన్ మీదే ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. గచ్చిబౌలిలో పెద్ద దవాఖానలో చేర్చారు. మూడు రోజులైనా కళ్లు తెరవలేదు. శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి నా గదికి వచ్చి, మంచం అంచున కూర్చుంది.

"మా చర్చిల గొలుసు ప్రార్థన పెడతరక్కా. ఒకలి తర్వాత ఒకలు, గంటకొకలు. ఇయ్యాల సాయంత్రం ఆరు నుంచి రేపు ఆరు దాకా. మధ్యల తెగొద్దు, గంతే. చర్చోళ్లు పద్నాలుగు మందే అయిన్రు. మనోళ్లను గూడ అడుగుతున్న. ఎవల దేవునికి వాళ్లు మొక్కున్రి. అమ్మకు గవన్ని పట్టింపులు లేవని నీకెర్కే గదా."

ఆఫీసులో మా టీంవాళ్లు క్షణాల్లో షీట్ తయారుచేశారు. అచ్చం మా షిఫ్టు షీటే. సమయం, పేరు, పక్కన రంగు నింపే గడి. ఒకరి గంట కాగానే గ్రూపులో "నా గంట అయింది, అందుకోండి" అని రాయాలి. తర్వాతివారు "అందుకున్నాను" అనాలి. అప్పుడు గడి పచ్చబడుతుంది. తెల్లవారుజామున నమాజు తర్వాతి గంట తనకిమ్మని టీంలోని ఒకతను అడిగి తీసుకున్నాడు. బోనమెత్తే పెద్దమ్మ ఉదయం ఆరింటిది తీసుకుంది. నేను మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు ఎదురుగా నా పేరు రాశాను.

"నీదైతె మంచిగ అందుతదక్కా," అంది ఆ అమ్మాయి. "నీకు అందరి భాషలొస్తయి."

శనివారం మూడింటికి తలుపు మూసి, చాప వేసుకుని కూర్చున్నాను. మనసులో ఏ కపటమూ లేదు. కళ్లు మూసుకుని "స్వామీ" అన్నాను. ఎవరిని పిలుస్తున్నానన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మా ఇంటి దేవుడినా, ఆంటీ ప్రభువునా, పేరూ రూపమూ లేనిదాన్నా? పేరూ రూపమూ లేనిదైతే వింటుందా? అడగడమే తక్కువరకం ప్రార్థన అని కదా అందరూ అన్నది, కోరిక లేనిదే అసలైనదని కదా, మరి ఒక మనిషి బతకాలని అడగొచ్చా? ఈ చివరి ప్రశ్న నా పుస్తకంలో లేదు. ఒక్క నిమిషం రాసుకుని మళ్లీ కళ్లు మూసుకుందామనుకున్నాను.

కలం చేతిలోకి వచ్చాక మాటలు వాటంతటవే వచ్చాయి. కోరి చేసే ప్రార్థన, కోరని ప్రార్థన. ఒక్కో గడి నింపుతుంటే ఎన్నడూ లేనంత స్పష్టంగా కనిపించింది. సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషమే నన్ను ఇప్పటికీ భయపెడుతోంది. తల ఎత్తేసరికి నాలుగు దాటి రెండు నిమిషాలు. గ్రూపులో, తర్వాతి గంట తీసుకున్న చర్చి ఆవిడ "అక్కా, ఉన్నారా?" అని అడుగుతోంది.

"నా గంట అయింది, అందుకోండి" అని రాశాను.

"అందుకున్నాను" అంది ఆవిడ. గడి పచ్చబడింది.

ఐదింటికి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అక్కా, అమ్మ కండ్లు తెరిచింది! మూడున్నరకు! నీ గంటలనే అక్కా! బాపు చెయ్యి వట్టుకొని 'మిషిన్ మీద బట్ట కప్పిన్రా, దుమ్ము వడ్తది' అన్నదంట. గట్లనే అన్నదంట! డాక్టర్లు గూడ ఏందిది అంటున్రు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. "మంచిదమ్మా" అన్నాను.

కిందికి దిగి చూశాను. మిషన్ మీద బట్ట లేదు. సూది కింద సగం కుట్టిన బ్లౌజు చెయ్యి అలాగే ఉంది. నా పాత దుపట్టా తెచ్చి కప్పాను. ఆదివారం పొద్దున ఆంటీ పోయింది. శనివారం మూడున్నర నుంచి అరగంట మెలకువగా ఉండి మూసిన కళ్లు మళ్లీ తెరవలేదట.

దీనికి నా పుస్తకంలో గడి ఉంది. అదే నాకు మరీ అసహ్యం. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే నోట కరుచుకుపోతుంది, దేవుడి దయ ఈ రెండింటిలో ఏ తీరు అని వైష్ణవుల్లో పాత వాదం ఉంది. అర్హతతో పనిలేకుండా దిగివచ్చే కృప గురించి క్రైస్తవులూ చెప్పారు, సూఫీలూ చెప్పారు. ఆ అరగంట అలాంటిదేనని నాకు నేను చెప్పుకుని చూశాను. మరి పట్టుకుని వేలాడిన ఇరవై ముగ్గురి సంగతి ఏమిటి? మోకాళ్లు నొప్పెట్టినా లేవని చర్చి ముసలావిడలు, పెద్దమ్మ, నమాజు చేసినతను. వాళ్ల గంటల్లో రానిది నా ఖాళీ గంటలో ఎందుకు వచ్చింది? వచ్చింది ఎందుకు నిలవలేదు? ఆ గంట నిండి ఉంటే నిలిచేదా? ఆ మెలకువకూ మా గొలుసుకూ ఏ సంబంధమూ లేదేమో. అప్పుడు నేను చేసింది తప్పు కాదు. కానీ మిగతావాళ్లు చేసింది కూడా ఏమీ కాదు. నా తప్పు తేలికవ్వాలంటే ఆ అమ్మాయికి మిగిలిన ఒక్కటీ పోవాలి.

పదకొండో రోజు ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ ఆరాధన పెట్టారు. గొలుసులో ఉన్నవాళ్లు సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అడిగారు. నలుగురైదుగురు చెప్పాక, "ఆ మూడు గంటల బిడ్డ ఎవరమ్మా? లేచి నిలబడు తల్లీ, దేవుడు నీ మొర ఎలా ఆలకించాడో చెప్పు" అన్నారు. కుర్చీలన్నీ నావైపు తిరిగాయి. నిజం చెప్పాలని రెండు రోజులుగా వాక్యాలు కూర్చుకుని ఉన్నాను. లేచాను. ముందు వరుసలో ఆ అమ్మాయి, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి చూస్తోంది.

"సిగ్గువడకు బిడ్డా" అంది పెద్దమ్మ పక్కనుంచి.

"అడిగానండీ" అన్నాను. "అంతే."

"ఎంత వినయమో చూడండి" అన్నారు పాస్టరుగారు. అందరూ స్తోత్రం చెప్పారు.

ఆ నాలుగు పేజీలు మా ఎం.ఏ. ప్రాజెక్టు గైడుగారికి చాలా నచ్చాయి. "ఇక్కడ అనుభవం పలుకుతోందండీ, దీన్నే అధ్యాయం చేయండి" అన్నారు. చేశాను. డిగ్రీ వచ్చింది. ఆ తర్వాత గీతలు గీయలేదు. దేవుడు ముఖం చాటేసే కాలం ఒకటి వస్తుందని, లోపలంతా ఎండిపోతుందని అన్ని మతాల భక్తులూ రాశారు. నా స్థితి కూడా అదేనేమోనని మొదట్లో అనుకున్నాను. కాదు. వాళ్లు పిలిచి పిలిచి గొంతు ఎండినవాళ్లు. నేను పిలిచింది ఒక్కసారి, ఒక్క మాట. అది కూడా ప్రశ్నగా మారింది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే పచ్చగడి కనిపిస్తుంది.

ఆ అమ్మాయి మాత్రం నన్ను చూసినప్పుడల్లా చెయ్యి పట్టుకునేది. చర్చికి వెళ్లడం తగ్గించింది. అడిగితే తలనొప్పి అనేది. వాళ్ల నాన్న ఆ ఇంట్లో ఉండలేక వికారాబాద్ దగ్గర సొంతూరికి పోదామంటే, ఇంటి నుంచి పనిచేసుకునేలా ఆఫీసులో బతిమాలుకుని తనూ బయలుదేరింది. కింది భాగం అద్దెకిచ్చారు. మిషన్ మెట్ల కిందే ఉంది. నా దుపట్టా దాని మీదే ఉంది. రోజూ దాన్ని దాటే ఆఫీసుకు వెళ్తాను.

వాళ్లను సాగనంపడానికి ఒక ఉదయం హఫీజ్‌పేట్ స్టేషన్‌కు వెళ్లాను. లింగంపల్లి దాకా వెళ్లి, అక్కడ బండి మారాలి. వాళ్ల నాన్న సంచుల దగ్గర కూర్చున్నాడు. మేమిద్దరం ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాం. ఈసారి చెప్పేస్తానని మెట్లు ఎక్కుతున్నప్పుడే నిశ్చయించుకున్నాను. "నీకొక మాట చెప్పాల" అన్నాను.

"నేను గూడ అడగాలె అక్కా," అంది. "ముందుగాల నేనడుగుత. మల్ల బండొస్తది."

సరేనన్నాను.

"నాకు ప్రార్థన వస్తలేదు. అమ్మ పోయినప్పటిసంది. కూసుంటున్న, నోరు లేస్తలేదు. బాపుకు చెప్పలే, పాస్టర్‌కు చెప్పలే. నీకే చెప్తున్న." దూరంగా బండి కూత వినిపించింది. "గా గంటల నువ్వేమని అడిగినవక్కా? ఏ మాటలు వెట్టి అడిగినవ్? నా ఒక్కదానికి చెప్పు. గవే మాటలు నేను గూడ అంట."

నోరు తెరిచాను. అన్ని మతాల మాటలూ నాకు తెలుసు. ఏదో ఒకటి అరువిచ్చి పంపితే ఆ పిల్ల జీవితాంతం దాన్నే పట్టుకునేది. నిజం చెబితే వాళ్లమ్మ కళ్లు తెరిచిన ఆ అరగంట కూడా పోయేది. రెంటిలో ఏదీ చెప్పలేకపోయాను. బండి వచ్చి ఆగింది. వాళ్ల నాన్న సంచులు ఎత్తుతూ పిలిచాడు. ఆమె నా ముఖంలోకి చూసి, నేను సిగ్గుపడుతున్నాననుకుంది. భుజం తట్టింది. ఎక్కి, తలుపు దగ్గర నిలబడి వంగింది. ఆ తర్వాత ఆఫీసు పని మెసేజ్‌లు తప్ప తను ఏమీ పెట్టలేదు, ఫోన్ చేయలేదు. పంపాల్సింది నేనే కాబట్టి, ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. బండి కదులుతుండగా అన్నవే నేను తన నోట విన్న చివరి మాటలు:

"ఇప్పుడు యాదికొస్తలేకుంటె ఫికర్ లేదక్కా. వచ్చినప్పుడు ఫోన్ల పెట్టు."