సుబ్బాయమ్మ మామ్మ ముట్టుకోని చెయ్యి

నాలుగేళ్ళుగా ఒక కాగితాన్ని దాచుకుని బతుకుతున్నాను. నా డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలులో, మార్కుల జాబితాల వెనక ఉంది. ఆ ఫైలు ఎవరూ తెరవరు. అయినా ఇల్లు సర్దుతున్నారంటే చాలు, నా ప్రాణమంతా బీరువా దగ్గరే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. తీపి మానేయమన్నారు. మానేశానని అందరికీ చెప్పాను. మానలేదు. బిడ్డ బాగా బరువు పెరిగింది. తెనాలిలో కాన్పు. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. ఇంటికి పంపే రోజు, అమ్మ మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ నాతో నెమ్మదిగా చెప్పింది. పాప ఎడమ భుజం దగ్గర నరాలు సాగాయట. చాలామంది పిల్లలకు తగ్గిపోతుందట. చెయ్యి పట్టి లాగకూడదు, మూడో వారంలో తీసుకొస్తే వ్యాయామాలు నేర్పిస్తామంది. అదంతా కాగితం మీద రాసిచ్చింది.

అమ్మ పైకి వచ్చేలోపు దాన్ని మడిచేశాను. ఎందుకు? బిడ్డ ఎందుకంత పెద్దదయిందని అడుగుతారు. అడిగితే తీపి సంగతి బయటపడుతుంది. అంత చిన్న భయం. దానికోసమా ఇదంతా?

పుట్టిల్లు రేపల్లె. అక్కడ పాపకు నీళ్ళు పోయడానికి సుబ్బాయమ్మ మామ్మ వచ్చేది. మా వీధిలో పసిపిల్లలందరికీ ఆవిడే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, రెండు చేతులూ ఛాతీ మీద అటూ ఇటూ మార్చి సాగదీసేది. మొదటి రోజే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఏంటమ్మాయ్, ఈ చెయ్యి ఇలా వాలిపోతోంది?"

"పుట్టినప్పటి నుంచీ అంతే మామ్మా. తగ్గిపోద్దన్నారు."

"అన్నారని ఊరుకుంటావా? మళ్ళీ చూపించు. నీ పసితనంలో నీ చేతులు సాగదీస్తుంటే వీధంతా లేచేలా ఏడ్చేదానివి. ఇదేమో కిక్కురుమనట్లేదు. ఈ చెయ్యి మాత్రం నేను ముట్టను తల్లీ. మీ అమ్మకి చెప్పావా?"

"చెప్తాలే మామ్మా."

ఆ రోజు నుంచి ఆ చేతి కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టి, కదలకుండా చూసుకుంటూ నీళ్ళు పోసింది. నేను మాత్రం పొడుగు చేతుల గౌన్లు తొడిగాను, ఎవరికీ కనపడకుండా.

మూడో వారం వచ్చింది, వెళ్ళిపోయింది. తెనాలి వెళ్ళాలంటే ఎందుకో అమ్మకు చెప్పాలి కదా.

మూడో నెలలో బాపట్ల, అత్తగారింటికి వచ్చాం. గౌను మారుస్తూ అత్తయ్య చూసింది. అదే రోజు అక్కడి డాక్టరుకు చూపించాం. ఇలాంటివి ఎక్కువగా కాన్పులోనే అవుతాయి, అప్పుడేమీ చెప్పలేదా అని ఆయన అడిగాడు. లేదండి అన్నాను. అప్పటికే భుజం బిగుసుకుపోతోందన్నాడు. దారిలో అత్తయ్య, నీళ్ళు పోసినావిడ గట్టిగా లాగేదా అని అడిగింది. ఆ ప్రశ్న నాది కాదు. జవాబు నాదే. "కొంచెం గట్టిగానే లాగేదండి."

అమ్మకు ఫోన్ వెళ్ళింది. ఆ తర్వాతి వారం నేను పాపను తీసుకుని రేపల్లె వెళ్ళినప్పుడు, నా ఎదుటే అమ్మ సుబ్బాయమ్మ మామ్మను వసారాలో నిలబెట్టి, పిల్ల భుజం పాడుచేశావంది. మామ్మ అమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను చెబుతానని ఎదురుచూసింది. నేను పాప దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆవిడను పిలవలేదు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. ఆ చెయ్యి చెవి దాకా లేస్తుంది, ఆపైన లేవదు. రోజూ సాయంత్రం భుజం వెనక ఎముకను ఒక చేత్తో పట్టి, ఇంకో చేత్తో దాని చెయ్యి నెమ్మదిగా పైకెత్తుతాను. "అమ్మా, చాలు" అంటుంది. మూడో వారంలోనే మొదలుపెట్టి ఉంటే? వ్యాయామాలు చేయించే అమ్మాయిని ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. కొంత తేడా ఉండేదేమో, చెప్పలేమంది. ఆ కొంత ఎంత? రోజూ సాయంత్రం చెవి పైన మిగిలిపోయిన ఖాళీని చూస్తూ అదే ఆలోచిస్తాను.

పోయిన నెల మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. నీళ్ళు పోయడానికి మనిషి కావాలి. "ఎవరైనా సరేగానీ ఆ సుబ్బాయమ్మ మాత్రం వద్దు" అంది అమ్మ. నేను పక్కనే ఉన్నాను. ఈసారి కూడా నోరు మెదపలేదు. ఇప్పుడు ఏ భయం మిగిలిందని?

ఇవాళ అందరూ పడుకున్నాక ఆ కాగితం బయటికి తీశాను. మడతల దగ్గర చిరుగుతోంది.

సుబ్బాయమ్మ మామ్మ నా కూతురి చెయ్యి లాగలేదు. ఆ ఇంట్లో ఆ చేతిని కాచింది ఆవిడొక్కతే. నేను అబద్ధం చెప్పాను.

ఇంత ముక్కుసూటిగా రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆవిడ క్షమిస్తుందా అని ఆలోచించే హక్కు కూడా నాకు లేదు. కాగితాన్ని మాత్రం మళ్ళీ ఫైలులో పెట్టలేదు. బల్ల మీద, మా ఆయన కళ్ళజోడు కింద పెట్టాను. పొద్దున లేవగానే ఆయన చెయ్యి వెళ్ళేది అక్కడికే.