బూస్టర్‌కు అమావాస్య ముహూర్తం

కరోనా కొత్త రకం వచ్చిందని విన్నప్పటి నుంచి నాకొకటే సందేహం. బూస్టర్ ఇప్పుడే వేయించుకోవాలా, ఆ కొత్త రకానికి సరిపడే టీకా వచ్చేదాకా ఆగాలా? ఈ రోజు ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లి, మగ్గం నేసే మా మామను అడిగాను. ఆయనకు షుగరు. ఆలస్యం చేయొద్దని డాక్టరు ముందే చెప్పారు.

"అమావాస్యకు ఏపిచ్చుకుంటా లేప్పా," అన్నాడు.

"అమావాస్య మంచిది కాదంటారు గదా మామా?"

"ఆ పొద్దు మేము మగ్గం ముట్టం గదా. చెయ్యి నొచ్చినా ఇంట్లో పండుకుంటా."

"ఏపిచ్చుకున్నాక ఇంకో కొత్త రకం వస్తే?"

"ఇంకో అమావాస్య రాదా?"

తిరుగు బస్సులో లెక్కేసి చూస్తే ఆయన తేదీ ఖాయం, నాదే ఇంకా చర్చల్లో ఉంది. పైగా అమావాస్యకు మా ఆఫీసుకు సెలవు లేదు. మీరంతా ఏం చూసుకుని వేయించుకున్నారు?